"తీసుకెళ్ళు, నీదే అనుకో" అంటే గుర్రం మనదైపోయినట్టేనా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. ఏడాదిన్నర కిందట తెలిసిన పెద్దాయన ఒకరు "నాకు చూసుకునే ఓపిక లేదు, తీసుకెళ్ళు, నీదే అనుకో" అని గుర్రాన్ని మీకు అప్పజెప్పారు. కాగితం లేదు, డబ్బు చేతులు మారలేదు. అప్పటినుంచి దాణా, లాయం అద్దె, నాడాలు, డాక్టరు, అన్నీ మీరే పెట్టుకున్నారు. ఎముకలు లెక్కపెట్టేలా వచ్చిన గుర్రం ఇప్పుడు నిగనిగలాడుతోంది, సవారీకి కూడా పనికొస్తోంది. సరిగ్గా ఇప్పుడు ఆయన ఫోన్ చేసి "చూసుకోమన్నాను గానీ ఇచ్చేశానా?" అంటున్నారు. గుర్రం పాస్‌పోర్టు, అంటే దాని గుర్తింపు కాగితం, ఆయన పేరు మీదే ఉంది, ఆయన దగ్గరే ఉంది. గుర్రం ఎవరిది?

నేను లాయర్ని కాదు. ఇలాంటి గొడవలోనే పదకొండు నెలలు నలిగినవాణ్ణి, అదీ ఓడిపోయిన వైపు. అందుకని నేను చెప్పేది కాస్త చేదుగా ఉంటే ఏమీ అనుకోకండి.

ముందుగా, ఖర్చంతా నేనే పెట్టాను కాబట్టి గుర్రం నాదే అన్న వాదన దగ్గర ఆగిపోకండి. నేను అక్కడే ఆగిపోయాను. బిల్లులన్నీ ఫైల్లో పెట్టి, తేదీల వారీగా క్లిప్పులు పెట్టి, గొప్పగా పట్టుకెళ్ళి లాయరు ముందు పెట్టాను. ఆయన ఫైలు తెరవను కూడా తెరవకుండా "ఇవి మీకు ఎంత రావాలో చెప్తాయి, గుర్రం ఎవరిదో చెప్పవు" అన్నారు. ఒకరి గుర్రాన్ని ఇంకొకరు పదేళ్ళు మేపినా మేపుడు కూలి అడగొచ్చేమో గానీ, మేపినంత మాత్రాన యజమాని అయిపోరు. అసలు తేలాల్సింది ఒక్కటే, ఆ రోజు ఆయన ఏ ఉద్దేశంతో ఇచ్చారు, మీరు ఏ ఉద్దేశంతో తీసుకున్నారు.

నోటిమాట చెల్లదు అని ఇక్కడ ఇద్దరు ముగ్గురు రాశారు, అది తప్పు. చాలాచోట్ల నోటి ఒప్పందం కూడా ఒప్పందమే. అమెరికాలో 500 డాలర్లు దాటిన సరుకు అమ్మకానికి రాత ఉండాలని చాలా రాష్ట్రాల్లో నియమం ఉంది గానీ, డబ్బు ఇచ్చి సరుకు తీసేసుకున్నాక ఆ నియమం అడ్డురాదు. చెల్లడం చెల్లుతుంది, చిక్కల్లా ఆ మాట ఏమిటో చూపించడంలోనే. మీ విషయంలో ఇంకో చిక్కు కూడా ఉంది. "నీదే" అనడం వేరు, "నీదే అనుకో" అనడం వేరు. మనం రోజూ అనే మాటే కదా, "ఇల్లు మీదే అనుకోండి" అని చుట్టాలతో అంటాం, వాళ్ళు వెళ్ళి రిజిస్ట్రేషన్ చేయించుకుంటామంటే ఊరుకుంటామా? ఆయన లాయరు పట్టుకునేది ఆ "అనుకో"నే.

ఈ "అనుకోవడం" మీద గుర్రానికి సంబంధించిన పాత కేసు ఒకటుంది, లా చదివిన ఎవర్నడిగినా చెప్తారు. 1862లో ఇంగ్లండులో ఫెల్ట్‌హౌస్ అనే బాబాయి, అన్న కొడుకు దగ్గర గుర్రం కొనాలనుకున్నాడు. ధర దగ్గర ఇద్దరికీ తేడా వచ్చింది, బాబాయి 30 పౌండ్లు అనుకున్నాడు, అబ్బాయి 30 గినీలు అనుకున్నాడు (గినీ అంటే ఒక పౌండు, ఒక షిల్లింగు). చివరికి బాబాయి తేడా చెరి సగం వేసి 30 పౌండ్ల 15 షిల్లింగులకు ఉత్తరం రాసి, ఇంకేం కబురు రాకపోతే గుర్రం నాదే అనుకుంటాను అన్నాడు. అబ్బాయి జవాబు రాయలేదు, కానీ వేలంపాట ఆయనతో మాత్రం ఆ గుర్రాన్ని పక్కన పెట్టమన్నాడు. వేలంపాటాయన పొరపాటున దాన్ని అమ్మేశాడు. బాబాయి దావా వేస్తే కోర్టు ఏమందంటే, ఆ అబ్బాయి మనసులో ఇవ్వాలనే ఉన్నా ఒప్పుకున్నట్టు బాబాయికి చెప్పలేదు, మౌనాన్ని అంగీకారం కింద లెక్కవేయలేం, గుర్రం నీది కానేలేదు అంది. ఒకరు "అనుకుంటే" ఇంకొకరి గుర్రం చేతులు మారదన్నమాట.

డబ్బు లేకుండా ఊరికే ఇవ్వడం గురించి కూడా కేసు ఉంది, 1890లో, కోక్రేన్, మూర్ అనే ఇద్దరి మధ్య. అది ఏకంగా గుర్రంలో నాలుగో వంతు గురించి. కిల్వర్త్ అనే గుర్రం యజమాని, దాన్ని పందెంలో తోలిన మూర్‌కి "నాలుగో వంతు నీది" అని నోటితో ఇచ్చేశాడు. తర్వాత ఆ యజమాని అప్పు కోసం గుర్రాలన్నీ కోక్రేన్‌కి రాసిచ్చాడు. నోటితో ఇస్తున్నానన్నంత మాత్రాన కానుక పూర్తికాదు, వస్తువు చేతికి అందాలి అని తేల్చారు. (అయినా మూర్‌కి వాటా దక్కింది, ఎందుకంటే కాగితాల మీద సంతకాలయ్యేటప్పుడు కోక్రేన్ ఆ వాటా సంగతి తెలిసి, అది చూసుకుంటానని ఒప్పుకున్నాడు.) మీకు ఇందులో పనికొచ్చే ముక్క ఏమిటంటే గుర్రం మీ చేతికి అందింది, ఏడాదిన్నర మీ దగ్గరే ఉంది. ఇవ్వాలనే ఉద్దేశం, అప్పగించడం, తీసుకోవడం, కానుకకు ఈ మూడూ కావాలి. రెండు మీకున్నాయి. తేలాల్సింది మొదటిదే. అయితే ఎరువుకిచ్చినా, అంటే వాడుకుని తిరిగివ్వమని ఇచ్చినా, గుర్రం చేతికి అందుతుంది కదా, అందుకే చేతికందడం ఒక్కటే సరిపోదు.

ఇప్పుడు నా సంగతి, ఎందుకంటే ఈ కేసుల కంటే మీకు అదే ఎక్కువ పనికొస్తుంది.

నాకు గుర్రాన్ని అప్పజెప్పినావిడని నేను అక్కా అని పిలిచేవాణ్ణి. ఒకే లాయంలో పక్క పక్క గుర్రాలు, నాలుగేళ్ళ పరిచయం. ఆవిడకి నడుం ఆపరేషన్ అయింది, ఇక గుర్రం ఎక్కొద్దన్నారు. గోధుమరంగు ఆడగుర్రం, నుదుట చుక్క, కుడి వెనక కాలు మడమ దాకా తెలుపు. ఒకరోజు సాయంత్రం గేటు దగ్గర పగ్గం నా చేతిలో పెట్టి "ఇంక ఇది నీదేరా" అంది. కళ్ళనీళ్ళు పెట్టుకుంది కూడా. ఇప్పటికీ నాకు వినపడినది అదే. కానీ తర్వాత ఆవిడ చెప్పింది వేరు, "ఇంక ఇది నీ పూచీరా" అన్నానంది. ఆ మాటకు మూడో సాక్షి ఎవరైనా ఉంటే అది గుర్రమే. ఆవిడ అబద్ధం చెప్పిందని అప్పట్లో మండిపోయాను గానీ, ఇప్పుడాలోచిస్తే ఆవిడ నిజంగానే అలా అన్నాననుకుని ఉంటుంది, రెండేళ్ళలో జ్ఞాపకం కూడా ఎవరికి వాళ్ళకి అనుకూలంగా అరిగిపోతుంది. గుర్రాలు పాతికేళ్ళు, ముప్ఫై ఏళ్ళు కూడా బతుకుతాయి, గేటు దగ్గర అన్న మాట అన్నాళ్ళు బతకదు.

రెండేళ్ళ నాలుగు నెలలు నా దగ్గరుంది. అప్పుడు ఎవరో మంచి ధరకి అడిగారట, ఆవిడ నా గుర్రం తెచ్చిచ్చెయ్యి అంది. నేను ఇవ్వనన్నాను. పోలీసుల దగ్గరికి వెళ్తే ఇది సివిల్ వ్యవహారం, మీరూ మీరూ తేల్చుకోండి అని పంపించేశారు, మీక్కూడా దాదాపు అదే చెప్తారు. తర్వాత లాయరు నా ఫైలు పక్కన పెట్టి ఫోన్ అడిగారు. ఆవిడకీ నాకూ మధ్య నడిచిన మెసేజ్‌లు పైకి తోస్తూ ఒకచోట ఆగి గట్టిగా చదివారు. రాత్రి 2:40కి నేను పంపినది.

"అక్కా, మీ రాణికి కడుపునొప్పి కొంచెం తగ్గింది. లేచి నిలబడింది. డాక్టరు ముక్కులోంచి ట్యూబు వేసి నూనె పట్టిస్తానంటున్నారు, వేయించనా?"

ఆయన ఫోన్ బల్ల మీద పెట్టి "సొంత గుర్రానికి ట్యూబు వేయించడానికి అర్ధరాత్రి ఇంకొకళ్ళ పర్మిషన్ ఎందుకడిగారు?" అన్నారు. మర్యాదకి సార్, ఆవిడ దాన్ని పిల్లలా పెంచింది కదా అన్నాను. "మీ రాణి అని రాశారు. ఒకసారి కాదు, పందొమ్మిది సార్లు." నేను లెక్కపెట్టలేదు, ఆయన జూనియర్ లెక్కపెట్టింది. పెద్దవాళ్ళతో మాట్లాడేటప్పుడు మనకి "మీ" అనడం అలవాటు, మన పిల్లల్ని కూడా తాతయ్యలకి "మీ మనవడు" అనే చూపిస్తాం. ఆ అలవాటే నన్ను ముంచింది. అటుపక్క ఆవిడ ఖర్చు పైసా పెట్టకపోయినా ఇన్సూరెన్స్ మాత్రం రెండేళ్ళూ తన పేరు మీదే రెన్యూ చేయించుకుంది. నాకా సంగతే తెలీదు.

అందుకే మీకు చెప్పే ఒక్క మాట ఇది. ఆ రోజు ఏమన్నారు అనేదానికి రుజువు లేనప్పుడు, గొడవ అవుతుందని ఇద్దరికీ తెలియని రోజుల్లో ఎవరు ఎలా మసలుకున్నారో దాన్నిబట్టే అంతా తేలుతుంది. ఇప్పుడు మీరు తెలివిగా రాసే మెసేజ్‌లకంటే ఏడాది కిందట ఏమీ ఆలోచించకుండా పంపినవాటికే విలువ ఎక్కువ. కాబట్టి ఇవాళే కూర్చుని మొత్తం చదవండి, మొదటి రోజు నుంచి. మీకు పనికొచ్చేవే కాదు, మీ కాళ్ళకి అడ్డం పడేవి కూడా వెతకండి. ఏదీ డిలీట్ చేయకండి, ఆయన ఫోన్‌లో ఎలాగూ ఉంటుంది, మీ దగ్గర లేకపోతే మీరే దొంగలా కనపడతారు.

ఆ చదవడం అయ్యాక, మీ ఇద్దరూ కాకుండా మిగతావాళ్ళ దగ్గరికి వెళ్ళండి. ఇది నేను ఆలస్యంగా నేర్చుకున్న పాఠం. చివరికి మధ్యవర్తి ముందు కూర్చుని, గుర్రం ఆవిడకి ఇచ్చేసేలా, నేను కట్టిన డాక్టరు బిల్లులు మాత్రం ఆవిడ తిరిగి ఇచ్చేలా రాజీ పడ్డాం. దాణా, లాయం ఖర్చు సవారీ చేసుకున్నందుకు సరికి సరి అన్నారు. ట్రైలర్ వచ్చింది, ఎక్కించేటప్పుడు అది మొరాయిస్తే నేనే వెళ్ళి ఎక్కించాల్సొచ్చింది, ఆ సంగతి వదిలేద్దాం. వారం తర్వాత నాడాలు కొట్టే ఆయన నా రెండో గుర్రం కోసం వచ్చి, రాణి ఏదని అడిగి, విషయం విని ఆశ్చర్యపోయి ఫోన్ తీసి చూపించాడు. మూడేళ్ళ పైచిలుకు కిందటి మెసేజ్, అక్కయ్య నంబరు నుంచే. "ఇకనుంచి బిల్లు అతనికే పంపు, గుర్రం అతనికి ఇచ్చేశాను."

లాయరుకి చూపిస్తే "ఇచ్చేశాను అన్నది కూడా రెండు రకాలుగా లాగొచ్చు, అయినా ఇది ముందే ఉంటే బేరం ఇలా ఉండేది కాదు" అన్నారు. సంతకాలయిపోయాయి. నేను ఆ నాడాలాయన్ని ముందే అడిగుంటే సరిపోయేది, నెలన్నరకోసారి మా లాయంలోనే కూర్చుని డెక్కలు చెక్కేవాడు.

మీరు అడగండి. నాడాలాయన, డాక్టరు, లాయం నడిపేవాళ్ళు, అప్పట్లో గుర్రాన్ని తెచ్చిన ట్రైలర్ డ్రైవరు, ఆయన ఇంట్లోవాళ్ళు, వీళ్ళలో ఎవరితోనైనా ఆయన "ఇచ్చేశాను" అన్నారా, "కొన్నాళ్ళు చూసుకోమన్నాను" అన్నారా. డాక్టరు రికార్డులో యజమాని గడిలో ఎవరి పేరుందో చూడండి, ఎప్పుడు మారిందో కూడా. నోటితో చెప్తే చాలదు, పాత మెసేజ్ ఉంటే స్క్రీన్‌షాట్ తీసుకోండి, లేదంటే వాళ్ళు గుర్తున్నది గుర్తున్నట్టు రాసి తేదీ వేసి సంతకం పెడితే మంచిది.

పాస్‌పోర్టు గురించి మీరు పడుతున్న టెన్షన్ సగం అనవసరం, సగం అవసరం. గుర్రం పాస్‌పోర్టు గుర్తింపు కాగితం, ఆస్తి పత్రం కాదు. బ్రిటన్‌లో అయితే అది యాజమాన్యానికి రుజువు కాదని ప్రభుత్వమే స్పష్టంగా చెప్తుంది. గుర్రం ఒంట్లో పెట్టే గుర్తింపు చిప్ కూడా అంతే, మెడకి ఎడమ పక్క జూలు కింద ఉండే ఆ గింజలో 15 అంకెల నంబరు తప్ప ఇంకేం ఉండదు, పేరు ఉండేది డేటాబేస్‌లో. నంబరైనా, కాగితం మీద గీసిన సుడులూ మచ్చల బొమ్మయినా ఇది ఏ గుర్రమో చెప్తాయి, ఎవరి గుర్రమో చెప్పవు. ఇది సగం. మిగతా సగం ఏమిటంటే, గుర్రం నాదే అనుకున్న మనిషి ఏడాదిన్నరలో ఒక్కసారైనా పాస్‌పోర్టు ఇవ్వండి అని ఎందుకు అడగలేదు అని మిమ్మల్ని అడుగుతారు. బ్రిటన్‌లో కొత్త యజమాని 30 రోజుల్లో పేరు మార్పించుకోవాలి కూడా. మీరు అడిగి ఉంటే, ఆయన "ఇస్తాలే" అని ఉంటే, అది వెతికి పట్టుకోండి, మీ కేసులో బంగారం అదే. అడగకపోతే అడగలేదనే చెప్పండి, కథలల్లకండి.

ఖర్చుల సంగతికొస్తే, గుర్రం ఆయనదే అని తేలినా మీరు ఉత్త చేతులతో రావాలని లేదు. ఉదాహరణకి భారత కాంట్రాక్టు చట్టం (1872) ప్రకారం జీతం బత్తెం లేకుండా ఒకరి కోసం వస్తువుని ఉంచుకుని చూసుకుంటే అందుకైన అవసరమైన ఖర్చు అప్పజెప్పినవాళ్ళు ఇవ్వాలి. కానీ మీరు సవారీ చేసుకున్నారు కదా, అప్పుడు అది ఎరువు తెచ్చుకున్నట్టా, వాళ్ళ కోసం చూసుకున్నట్టా అన్న పేచీ వస్తుంది, నాకొచ్చింది అదే. డబ్బిచ్చేదాకా గుర్రాన్ని వదలను అనే ముందు మాత్రం మీ చోటి లాయర్ని అడగండి. ఆ హక్కు అన్నిచోట్లా ఒకేలా లేదు. పాత ఇంగ్లీషు న్యాయంలో ఊరికే మేపినవాడికి పట్టి ఉంచే హక్కు లేదు, శిక్షణ ఇచ్చి విలువ పెంచినవాడికి ఉంది. అమెరికాలో చాలా రాష్ట్రాలు మేపినవాడికి కూడా చట్టంతోనే ఇచ్చాయి. తెలియకుండా పట్టి ఉంచితే ఖర్చులు అడగాల్సిన మీరు నష్టపరిహారం కట్టే వైపు పడతారు.

ఇక కొన్ని పనులు అస్సలు చేయకండి. గుర్రాన్ని ఇంకో చోటికి తరలించి దాచకండి. అమ్మకండి, ఎవరికీ ఎరువు ఇవ్వకండి, చిప్ రికార్డు ఇప్పుడు హడావిడిగా మీ పేరుకి మార్పించకండి, అది గొడవ మొదలయ్యాక చేసిన పనిగానే కనపడుతుంది. ఆయన ట్రైలర్ వేసుకుని వస్తే గేటు దగ్గర పగ్గం పట్టుకుని గుంజులాడకండి, గుర్రం బెదిరితే ఇద్దరిలో ఎవరికో కాలు విరుగుతుంది. లాయం వాళ్ళకి మాత్రం రాతపూర్వకంగా చెప్పి ఉంచండి, యాజమాన్యం తేలేదాకా ఇద్దరి ఒప్పుకోలు లేకుండా గుర్రాన్ని బయటికి పంపొద్దని. ఒప్పుకుంటే మీకు ఊపిరి తీసుకునే టైమ్ దొరుకుతుంది. ఇదంతా నడుస్తున్నన్నాళ్ళూ దాణా, మందులు, నాడాలు ఏవీ ఆపకండి, కోపం గుర్రం మీద చూపించినవాళ్ళని కూడా చూశాను.

కోర్టుదాకా వెళ్ళాలా అంటే, నేనైతే ముందు కొనుక్కోవడానికి చూస్తాను. మీకు అన్యాయంగా అనిపిస్తుంది, నా గుర్రాన్ని నేను కొనుక్కోవడమేంటి అని. నేనూ అదే పట్టుదలకి పోయాను, ఆవిడ మొదట్లో అడిగిన మొత్తం కంటే నేను లాయరుకి, తిరగడానికి పెట్టిందే ఎక్కువైంది, పైగా గుర్రం లేదు. మీరు పెట్టిన ఖర్చు తీసేసి మిగతాది ఇస్తానని అడగండి, ఆయనకీ గుర్రం తీసుకెళ్ళి పెట్టే చోటు ఉందో లేదో. ఒప్పుకుంటే ఒక్క పేజీ చాలు. ఇద్దరి పేర్లు, గుర్రం రంగు, గుర్తులు, చిప్ నంబరు, తేదీ, ఎంత ఇచ్చారు, ఇకమీదట ఎవరికీ ఏ హక్కూ లేదన్న వాక్యం, సంతకాలు, పాస్‌పోర్టు చేతికి. "మళ్ళీ అమ్మితే ముందు నాకే ఇవ్వాలి" అని ఆయన అడిగితే అది కూడా అందులోనే రాయండి, నోటితో ఊ కొట్టకండి.

ఇవాళ రాత్రికి ఆయనకి పంపడానికి మెసేజ్ కావాలంటే ఇలా రాయండి. "నమస్కారం అండీ. ఫలానా నెలలో మీరు గుర్రాన్ని నాకు అప్పజెప్పినప్పుడు ఓపిక లేదు, తీసుకెళ్ళు, నీదే అనుకో అన్నారు. మీరు నాకు ఇచ్చేశారనే నేను తీసుకున్నాను, అప్పటినుంచి ఖర్చంతా నేనే పెట్టాను. మీరు ఇప్పుడు వేరేలా అంటున్నారు కాబట్టి ఆ రోజు మీ ఉద్దేశం ఏమిటో రాసి పంపండి, కూర్చుని మాట్లాడుకుందాం." అంతే. ఆయన ఓపిక లేదన్న సంగతి మొదట్లోనే ఉండాలి, తిరిగి తీసుకునే ఆలోచన ఉన్నవాళ్ళు మామూలుగా "ఫలానా దాకా చూసుకో" అంటారు. ఫోన్ చేస్తే ఎత్తి మర్యాదగానే మాట్లాడండి, పెట్టేశాక మాట్లాడిందంతా "మీరు ఇలా అన్నారు, నేను ఇలా అన్నాను" అని మళ్ళీ మెసేజ్‌లో పెట్టండి. ఎక్కడా "మీ గుర్రం" అని మాత్రం రాయకండి, పేరు పెట్టి రాయండి.

ఇంకొకటి, మీది మగగుర్రమో ఆడగుర్రమో రాయలేదు. ఆడదయితే, చూడి కట్టించే ఆలోచన ఉంటే ఇది తేలేదాకా ఆపండి. అప్పజెప్పిన జీవానికి పుట్టిన పిల్ల కూడా దాంతోపాటే వెనక్కి వెళ్ళాలన్నది పాత సూత్రం, ఆ 1872 చట్టంలో 163వ సెక్షన్ కింద ఇచ్చిన ఉదాహరణే ఒకరి దగ్గర చూసుకోమని వదిలిన ఆవు, దానికి పుట్టిన దూడ. ఇప్పటికే చూడితో ఉంటే ఆ సంగతి కూడా ఇక్కడ రాయండి, అప్పుడు పైన చెప్పిన బేరం లెక్క మారుతుంది.